హచ్చొళ్ళాయన కొన్న ఎర్ర కేబుళ్ళు

కంప్యూటరు పెట్టె మూత తీసినప్పుడు లోపల తీగలు మరీ ముద్దుగా కనబడితే నాకు అనుమానం వస్తుంది, నాలాంటివాడెవడో అందులో చెయ్యి పెట్టాడని. ఈమధ్య ఇళ్ళలో సర్వర్లు కట్టుకునే కుర్రవాళ్ళు, ఆడపిల్లలు కూడా, ఎవరో నా పేరు చెబితే ఫోన్లు చేస్తుంటారు. ఏ డిస్కు కొనాలి, ఏ బోర్డు కొనాలి, ఫ్యాన్లు ఎన్ని ఉండాలి అని అరగంట అడుగుతారు. డేటా కేబుల్ గురించి మాత్రం ఎవరూ అడగరు. బోర్డు అట్టపెట్టెలో ఊరికే వచ్చే తీగలుంటాయి కదా, అవి చాలనుకుంటారు. డిస్కుకూ బోర్డుకూ మధ్య నడిచే చిటికెన వేలంత వెడల్పు తీగ అది. దాన్ని తేలిగ్గా తీసుకున్నందుకు ఒక మనిషికి నేను చేసిన నష్టం చెబుతాను. చదివాక మీకెలా తోస్తే అలా చేసుకోండి.

ఉద్యోగం మొదట్లో వేరే ఊళ్ళు తిరిగినా, చివరి పద్నాలుగేళ్ళు కుడతిని థర్మల్ స్టేషన్లో చేశాను. నాది కేబుళ్ళ పని. గేజీల నుంచి, వాల్వుల నుంచి కంట్రోల్ రూందాకా తీగలు లాగడం, చివర్లకు నంబర్లు తొడగడం, ప్యానెల్లో కట్టలు కట్టడం. ఆ కట్టలు కట్టడంలో నాకు పేరుండేది. నూట ఇరవై తీగలు ప్యానెల్లోకి వస్తే, అన్నీ ఒకే మందంతో, ఒకే మలుపుతో, జానెడుకొక ప్లాస్టిక్ టై వేసి నిలబెట్టేవాణ్ణి. బయటి నుంచి పెద్దవాళ్ళు ప్లాంటు చూడ్డానికి వస్తే మా ఇంజనీరు నేను కట్టిన ప్యానెల్ తలుపే తెరిచి చూపించేవాడు. నిజానికి మా పనిలో ఇంకో నియమం కూడా ఉంది. కేబుల్ ప్యానెల్లోకి వచ్చేచోట ఒక చుట్ట వదులుగా వదలాలి, రేపు లాగవలసి వస్తే ఉంటుందని. ఆ చుట్ట తలుపు వెనకాల ఉంటుంది, ఎవరికీ కనబడదు. కట్ట మాత్రం కనబడుతుంది. నాకు ఆ కనబడేదే తలకెక్కింది.

హచ్చొళ్ళాయన మా కంట్రోల్ రూంలో డెస్కు ఆపరేటరు. సిరుగుప్ప పక్కన హచ్చొళ్ళి ఆయన ఊరు కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్ళం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేంత చనువు ఎవరికీ ఇవ్వలేదు. షిఫ్టు అయిపోతే మిగతా వాళ్ళం సామాను సర్దుకుని పరిగెత్తేవాళ్ళం. ఆయన మాత్రం తరవాతి షిఫ్టు వాడికి రెండుసార్లు చెప్పిందే మూడోసారి చెప్పి, నిదానంగా నడుచుకుంటూ కాలనీలో ఉన్న క్వార్టర్సుకు పోయేవాడు. పోయే తొందర లేని నడక అది. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు ఆయన నడకే అంత అనుకున్నాను.

ఆయన తండ్రి హార్మోనియం వాయించేవాడు. రైతులకు పద్యాలు నేర్పి నాటకాలు ఆడించేవాడు. చుట్టుపక్కల పది ఊళ్ళలో కోతలైపోయాక ఆయన కోసం మనుషులొచ్చేవారట. ఆ నేర్పుళ్ళన్నీ కొడుకు టేపురికార్డరులో పట్టి ఉంచాడు. క్యాసెట్లు పాతబడి, లోపలి టేపు అతుక్కుపోతుంటే, మూడేళ్ళు కూర్చుని ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. కొన్ని ఆ ఒక్కసారి ఆడి, రెండోసారికి తెగిపోయాయి. అన్నీ ఎక్కించాక, తండ్రి క్యాసెట్లు చెత్తలో వెయ్యడానికి చేతులు రాక, ఊరికి తీసుకుపోయి తుంగభద్ర కాలవలో వదిలేశాడు. చిరిగిన దేవుడి పటాలు నీళ్ళలో వదిలినట్టు. అంటే ఇక ఆ గొంతు భూమ్మీద ఉన్నది ఆ కంప్యూటరులోనే.

"ఒక డిస్కు చెడిపోయినా పాటలు పోకుండా ఉండేటట్ల పెట్టె ఒకటి కట్టియ్యప్పా. నీ చెయ్యి మంచిది," అన్నాడు ఒకరోజు క్యాంటీన్లో.

నాలుగు డిస్కుల పెట్టె కడదామన్నాను. నాలుగింటి మీదా పంచి రాస్తే, ఒకటి పోయినా మిగతా మూడు కలిసి దాని వంతు చెప్పేస్తాయి. రెండు ఒకేసారి పోతే మాత్రం అంతా గోవిందా. ఆయన సరేనని, సెలవు పెట్టి బెంగళూరు పోయి సామాను తెచ్చాడు. ఆదివారం పొద్దున నేను స్క్రూడ్రైవరు పట్టుకుని వాళ్ళింటికి పోయేసరికి అన్నీ మంచం మీద దుప్పటి పరిచి వరసగా పెట్టి ఉన్నాయి. అందులో డేటా కేబుళ్ళు నాలుగు. ఎర్రవి, మూరెడు పొడుగు, రెండు చివర్లా చిన్న స్టీలు క్లిప్పు.

"ఇవేందన్నా, పెట్టెలో పాములు పండుకున్నట్ల ఉంటాయే. ఇంత పొడుగు యాడ దోపల్ల?"

"అంగడాయన ఇవే తీసుకోమన్యాడప్పా. క్లిప్పుంటే ఊడదంట. కొంచెం వదులుండల్లంట."

"అంగడాయన ఎన్ని ప్యానెళ్ళు కట్టినాడంట?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను బళ్ళారి పోయి నల్లవి తెచ్చాను. జానెడున్నర పొడుగు, క్లిప్పు లేదు, చూడ్డానికి నీటుగా ఉన్నాయి. బోర్డు నుంచి డిస్కుకు సరిగ్గా సరిపోయాయి, ఒక్క వేలు కూడా మిగల్లేదు. నాలుగింటినీ కలిపి మూడుచోట్ల టై వేసి, మూలలో నిటారుగా మలిచి, నంబర్లు కూడా తొడిగాను. ఎర్రవి ఆయన ఏదో కవరులో వేసి పక్కన పెట్టాడు. మూత వెయ్యబోతుంటే "ఉండప్పా" అని ఆపి, లోపలి తీగలను ఫోటో తీసుకున్నాడు. అంతకంటే నాకేం కావాలి? ఆ రోజే పాటలన్నీ పెట్టెలోకి మార్చాం, పాత కంప్యూటరును ఆయన తరవాత అమ్మేశాడు.

నెల తిరక్కముందే ఫోనొచ్చింది. "మూడో డిస్కు కనపళ్ళేదంటాండాది. వస్తావా?"

పోయాను. మూత తీసి, అదిమి, మళ్ళీ వేస్తే వచ్చింది. పది రోజులకు ఇంకోటి పడింది. మళ్ళీ పోయాను. తరవాత ఇది అలవాటైపోయింది. సాయంత్రం నాలుగున్నరకు డ్యూటీ దిగేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉండేవాడు, ఏదో తప్పు చేసినవాడి ముఖంతో. నేను పెట్టె ముందు కూర్చుని అదిమే లోపల ఆయన వంటింట్లో బొరుగులు తడిపి ఉగ్గాని చేసేవాడు, పక్కన మిరపకాయ బజ్జీలు. డిస్కు వచ్చాక "సరిగ్గా ఉండాదో లేదో చూద్దాం" అని తండ్రి రికార్డు ఒకటి పెట్టేవాడు. నేను సగం విని గడియారం చూసుకునేవాణ్ణి. అప్పుడు నా ఇల్లు నిండుగా ఉండేది. భార్య ఉంది, కూతురుంది, వచ్చేపోయే చుట్టాలున్నారు. ఇంకో మనిషి ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించే తీరిక నాకు లేదు.

లోపల ఏం జరుగుతోందో మీకు చెప్పాలి. నేను కట్టిన కట్ట నాలుగు తీగల్నీ బిగదీసి పట్టుకుంది. వదులు లేదు. ఫ్యాన్లు తిరిగినప్పుడల్లా, డిస్కులు వణికినప్పుడల్లా, ఆ బిగువు కనెక్టర్ను పక్కకు లాగుతుంది. క్లిప్పు లేదు కాబట్టి అది వెంట్రుకవాసి జరుగుతుంది. జరిగితే డేటా చెడుతుంది, బోర్డు మళ్ళీ అడుగుతుంది, చివరికి విసుగొచ్చి డిస్కు లేదని రాసేస్తుంది. డిస్కు లోపల ఇవన్నీ లెక్క రాసుకునే పట్టీ ఒకటుంటుంది. డిస్కు చెడితే ఒక అంకె పెరుగుతుంది, దారి, అంటే తీగ, చెడితే ఇంకో అంకె. చూడ్డానికి రెండు నిమిషాలు పడుతుంది. నేను చూడలేదు. నా కట్ట తప్పయ్యే అవకాశం ఉందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయిని చూడడానికి యశ్వంతనగర్ నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు వస్తున్నారు. పొద్దున్నే ఆయన ఫోను. విసుక్కుంటూ పోయాను. ఈసారి రెండో డిస్కు పడింది. "డిస్కే చెడిందన్నా. మారుద్దాం," అని, ముందుగా తెచ్చి పెట్టుకున్న కొత్తది బిగించి, మిగతా మూడింటి నుంచి దాని వంతు రాయించడం మొదలుపెట్టి ఇంటికి పరిగెత్తాను. ఆ పని గంటలు పడుతుంది. డిస్కులన్నీ ఊపిరాడకుండా తిరుగుతాయి, పెట్టె వేడెక్కుతుంది. మూడింటికి మళ్ళీ ఫోను. నాలుగోది కూడా కనబడడం లేదు.

చుట్టాలు కాఫీ తాగుతుంటే లేచి వచ్చేశాను. తెర మీద ఎర్ర అక్షరాలు. అప్పుడు చెయ్యవలసింది ఒక్కటే. అన్నీ ఆపేసి, తీగలు మార్చి, మళ్ళీ వెలిగించడం. ఆ నాలుగో డిస్కు తిరిగి వచ్చేది. పాటలు ఉండేవి. నేను తొందరలో ఉన్నాను. పెట్టె మొత్తం కొత్తగా కట్టుకోమని చెప్పే బటను దగ్గరకు పోయాను. నిజంగానేనా అని అది అడిగింది. ఆయన నా వెనకాల నిలబడి ఉన్నాడు.

"ఏమన్నా పోతాదా అప్పా?"

"ఏమీ పోదన్నా."

నొక్కాను. తెరిచి చూస్తే ఖాళీ.

ఆయన చాలాసేపు తెరవైపే చూశాడు. ఆ తరవాత నా భుజం మీద చెయ్యేసి, "బిడప్పా, పోనీలే. పెండ్లిచూపులోల్లు కాచుకోనుంటారు, నువ్వు పో," అన్నాడు. వంటింట్లో ఉగ్గాని అప్పటికే చేసి ఉంది. తినకుండానే వచ్చేశాను.

వారం తరవాత, చెడిందని తీసిన డిస్కును మా ఇంట్లో తగిలించి ఆ పట్టీ చూశాను. డిస్కు తప్పులు సున్నా. దారి తప్పులు వేలల్లో. ఇంట్లో ఎవరూ లేరు, అయినా చుట్టూ చూసుకున్నాను. చెబుదామనే అనుకున్నాను. కానీ అప్పటికే క్యాంటీన్లో డిస్కు కంపెనీని నాలుగు తిట్లు తిట్టి ఉన్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని వాయిదా వేశాను. ఆయన మళ్ళీ ఫోను చెయ్యలేదు. పెట్టె మీద తువ్వాలు కప్పాడని ఎవరో చెప్పారు. ఎదురుపడితే షిఫ్టు గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన రిటైరైన రోజు దండ వేసి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. హచ్చొళ్ళికి పోయి తమ్ముడితో కలిసి వరి పెట్టుకుంటున్నాడని విన్నాను.

నేను రిటైరై మూడేళ్ళయింది. అంతకు ఏడాది ముందే నా భార్య పోయింది. అమ్మాయి కాపురం యశ్వంతనగర్లో. అల్లుడిది మైనింగు లారీల ఆఫీసులో పని. వాళ్ళు రమ్మంటారు, నేను రెండు రోజులుండి వచ్చేస్తాను. బళ్ళారిలో ఈ చిన్న ఇంట్లో పొద్దున పేపరు అయిపోయాక రోజు ఎంత పొడుగో మీకింకా తెలియదు. కూరగాయల బండి ఆయనతో అక్కర్లేని బేరం ఆడతాను, నాలుగు మాటలు వస్తాయని. చేతులు ఊరికే ఉండలేక ఒక సర్వరు కట్టుకున్నాను. నాలుగు డిస్కులే. దాచుకోవడానికి పెళ్ళిఫోటోలు, పాత కాగితాలు తప్ప ఏమీ లేవు. పెట్టె పెద్దది, సంసారం చిన్నది.

ఈసారి కేబుళ్ళు కళ్ళు తెరిచి కొన్నాను. క్లిప్పు ఉన్నవి. దూరాన్ని తాడుతో కొలిచి, ఆ పైన బెత్తెడు ఎక్కువ. పక్కన గోడ దగ్గరగా ఉంటే వంపు తల ఉన్నవి, చోటుంటే నేరుగా ఉన్నవి. తీగను వేలి మీద చుట్టినట్టు మెల్లగా తిప్పాలి, కాగితంలా మడవకూడదు. కట్ట కట్టలేదు. నంబర్లు మాత్రం తొడిగాను, అది మానలేను.

పాత పెన్‌డ్రైవులన్నీ దాంట్లోకి ఎక్కిస్తుంటే ఒకదాంట్లో ఒక ఫైలు దొరికింది. హచ్చొళ్ళాయన పెట్టె కట్టిన రోజు, దాని వేగం చూడ్డానికి ఒక రికార్డు పెన్‌డ్రైవులోకి తీసి చూశాను. చెరపడం మర్చిపోయినట్టున్నాను. పదకొండు నిమిషాలు. హార్మోనియం మీద ఒక మెట్టు అతుక్కుపోయి గీ అంటోంది. ఎవరో రైతు రాజు వేషం పద్యం ఎత్తుకున్నాడు. వెంటనే పెద్దాయన గొంతు: "రేయ్, రాజువురా నువ్వు! గొంతు యాడ పెట్టొచ్చినావ్, గట్టు మీదనా? పో, తెచ్చుకోపో!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్క గుర్తురాలేదు.

మర్నాడే సిరుగుప్ప బస్సెక్కి, అక్కడ మారి, హచ్చొళ్ళి చేరాను. ఆయన నారుమడి గట్టు మీద ఉన్నాడు. బాగా చిక్కాడు. నన్ను చూసి గుర్తుపట్టడానికి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమప్పా! ఈడికి యాడ వచ్చినావ్?"

ఫోను తీసి వినిపించాను. గట్టు మీదే కూర్చుండిపోయాడు. పదకొండు నిమిషాలూ తల ఎత్తలేదు. అయిపోయాక, "ఇంకొకసారి పెట్టు," అన్నాడు. రెండోసారి అయిపోయాక నేను చెప్పేశాను. డిస్కు బాగానే ఉండిందని, చెడింది నా తీగలని, వారంలోనే తెలిసిందని, ఇన్నేళ్ళూ దాచానని.

"నాకి ముందే తెలుసప్పా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు పెట్టె కట్టినాక రెండో నెల్లోనే తెలిసింది. ఒక పొద్దు సుమ్నె, ఊరికే చూద్దామని నీ టైలు కోసి తీగలు వదులు చేసినా. మూడు వారాలు ఒక డిస్కు కూడా పళ్ళేదు." కాసేపు నారువైపు చూశాడు. "ఆ మూడు వారాలు నువ్వూ రాలేదు. మళ్ళా టైలు కొనుక్కొచ్చి, ఫోటో చూసుకోని, నువ్వు కట్టినట్లే కట్టేసినా."

నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

"ఆ ఆదివారం నువ్వు బటను నొక్కేముందు చెప్పల్లని నోటిదాకా వచ్చిందప్పా. చెప్తే, ఇన్నాళ్ళు నిన్ను కావల్లనే తిప్పించుకుంటాండానని తెలిసిపోతాదే. సిగ్గయింది. ఏమీ పోదంటివి గదా, నమ్మినా."

ఇంట్లోకి తీసుకుపోయి ఒక పాత కవరు ఇచ్చాడు. ఎర్ర కేబుళ్ళు నాలుగు, క్లిప్పులు మెరుస్తూనే ఉన్నాయి. "నాకేం పని వీటితో. నువ్వు పెట్టుకో," అన్నాడు. ఆ రికార్డు ఆయన ఫోనులోకి ఎక్కించి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నేను ఒక్కణ్ణే మోశాననుకున్న తప్పులో సగం ఆయన దగ్గర ఉందన్న కోపం. సిరుగుప్ప దాటేసరికి ఆ కోపం పోయి ఏడుపొచ్చింది. మూడు వారాలు ఎదురుచూసి, కోసిన చోటే టైలు మళ్ళీ కట్టుకున్న మనిషిని తలుచుకుంటే ఎవరికైనా వస్తుంది.

నా పెట్టెలో ఇప్పుడు ఆ ఎర్ర కేబుళ్ళే ఉన్నాయి. ఆరు నెలలైంది. దారి తప్పులు సున్నా, డిస్కు తప్పులు సున్నా. ఏ రోజు చూసినా సున్నా. దాన్ని చూడ్డానికి ఎవరూ రావలసిన పని పడలేదు.

మొన్న సోమవారం మూత తీసి, రెండో డిస్కు కేబుల్ క్లిప్పు వేలితో నొక్కి, కొంచెం బయటికి లాగి వదిలేశాను. దీపం ఎర్రగా మారింది. ఫోను చేశాను.

"అన్నా, ఒక డిస్కు పడిపోయింది. నాకి తెలుస్తాలేదు. వస్తావా?"

అటు వెనకాల ట్రాక్టరు చప్పుడు వినబడుతోంది.

"బిగించి కట్టినావా?"

"కట్టినా అన్నా."

"నాట్లు బేస్తవారానికి అయిపోతాయి. శుక్రవారం పొద్దున బస్సుకి వస్తా. అంతదాకా దాన్ని ముట్టుకోవద్దప్పా."

మీరు మాత్రం క్లిప్పున్న కేబుళ్ళే కొనండి, వదులుగా వెయ్యండి, నెలకోసారి ఆ పట్టీ చూడండి. ఈ రోజు బుధవారం. దీపం ఇంకా ఎర్రగానే ఉంది. మిగతా మూడు డిస్కులు బాగానే తిరుగుతున్నాయి. బొరుగులు, మిరపకాయలు తెచ్చిపెట్టాను. బొరుగులు నీళ్ళలో ఎంతసేపు నానాలో పక్కింటావిడను అడిగి రాసుకున్నాను.